బెర్లిన్‌లో మొదటి అద్దె ఇల్లు: ఇక్కడ లాగిన్ ఐడీ ఫోన్ నంబర్ కాదు, పోస్ట్ డబ్బా మీద పేరు

మాదాపూర్‌లో ఉన్నప్పుడు నా అడ్రస్ నాకే సరిగ్గా తెలిసేది కాదు. పీజీ పేరు, పక్కనున్న టిఫిన్ సెంటర్ పేరు చెబితే సరిపోయేది. ఏది ఆర్డర్ పెట్టినా డెలివరీ అతను ఫోన్ చేసి "అన్నా, లొకేషన్‌కి వచ్చేశా, కిందికి రా" అనేవాడు. బ్యాంకు, గ్యాస్, సినిమా టికెట్, అన్నిటికీ ఒకటే తాళంచెవి: పది అంకెల ఫోన్ నంబర్, దానికొచ్చే ఓటీపీ.

బెర్లిన్‌కి వచ్చిన మూడో వారం నా కొత్త బ్యాంక్ కార్డు పంపినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లిపోయింది. వీధి పేరు కరెక్ట్, ఇంటి నంబర్ కరెక్ట్, పిన్‌కోడ్ కరెక్ట్. ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను, కానీ ఎవరూ కాల్ చేయలేదు. విషయం ఏంటంటే, కవర్ మీదున్న పేరు ఆ బిల్డింగ్‌లో ఏ పోస్ట్ డబ్బా మీదా లేదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్ రాసే అలవాటు పెద్దగా లేదు. పోస్ట్‌మ్యాన్ డబ్బాల మీద పేర్లు చూసుకుంటూ వెళ్తాడు. మీ పేరు ఉంటే మీరు ఉన్నట్టు, లేకపోతే లేనట్టే.

ఈ సైట్‌లో మామూలుగా నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈ మధ్య చాలామంది "జర్మనీకి వస్తున్నాం బ్రో, ఏ ఫోన్ కొనాలి?" అని అడుగుతున్నారు. ఫోన్ సంగతి చెప్తాను. కానీ దానికంటే ముందు ఇల్లు సంగతి తెలియాలి. ఎందుకంటే ఇక్కడ ఇల్లు దొరికాకే మీ ఫోన్ నిజంగా పనిచేయడం మొదలుపెడుతుంది.

విమానం ఎక్కే ముందు ఫోన్‌లో చేయాల్సినవి

నేను చేసిన మొదటి తప్పు: ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయకుండానే వచ్చేశాను. రెండో రోజు డబ్బులు పంపుకుందామని ఇండియా బ్యాంక్ యాప్ తెరిస్తే ఓటీపీ రాలేదు. రోమింగ్ ఆన్ చేయాలంటే ఆపరేటర్ యాప్‌లో లాగిన్ కావాలి. లాగిన్‌కి ఓటీపీ కావాలి. ఓటీపీ రావాలంటే రోమింగ్ కావాలి. ఇంజినీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో డెడ్‌లాక్ అని చదివింది ఇదే. చివరికి కాకినాడలో నాన్న స్టోర్‌కి వెళ్లి ఆన్ చేయించారు. సిమ్ ఇంకా నాన్న పేరు మీదే ఉండటం జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

కాబట్టి రోమింగ్ ఇంట్లో ఉండగానే ఆన్ చేయించుకోండి. రీఛార్జ్ ఆపేయకండి. నెలల తరబడి వదిలేస్తే నంబర్ పోతుంది, దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు, మీ బ్యాంక్ ఓటీపీలు వాళ్లకి వెళ్తాయి. మీ ఫోన్‌లో ఈసిమ్ ఉంటే ఏ సిమ్ ఎందులో పెట్టాలో ఇక్కడే తేల్చుకోండి. విదేశం నుంచి ఇండియా నంబర్‌ని ఈసిమ్‌గా మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఇక ఫోన్ ఏది కొనాలి అన్న ప్రశ్న. స్పెసిఫికేషన్లలో కెమెరా కంటే ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఫోర్‌జీ బ్యాండ్ 20, అంటే 800 మెగాహెర్ట్జ్. ఊళ్లలో, బిల్డింగుల లోపల సిగ్నల్ కోసం జర్మనీలో దీన్ని బాగా వాడతారు. ఇండియాలో ఈ బ్యాండ్ వాడకం లేదు కాబట్టి మన దగ్గర అమ్మే కొన్ని మోడల్స్‌లో అసలు ఉండదు. రెండోది వోల్టీ. జర్మనీలో 2021లోనే త్రీజీ నెట్‌వర్కులు మూసేశారు. మీ ఫోన్ మోడల్‌కి ఇక్కడి నెట్‌వర్క్‌లో వోల్టీ పనిచేయకపోతే కాల్ నేరుగా టూజీకి పడిపోతుంది, మాట్లాడుతున్నంతసేపూ ఇంటర్నెట్ నడవదు. ఇంటి ఓనర్ ఫోన్‌లో అడ్రస్ చెబుతుంటే పక్కన మ్యాప్ తెరుచుకోదన్నమాట. ఈ రెండూ నేను అనుభవించాకే నేర్చుకున్నాను.

ప్రకటన చదవడం ఒక కొత్త భాష

ఇళ్ల పోర్టల్‌లో మొదటిసారి "2 త్సిమ్మర్" అని చూసి టూ బీహెచ్‌కే అనుకున్నాను. త్సిమ్మర్ అంటే గది. ఇక్కడ హాల్‌ని కూడా గదిగా లెక్కేస్తారు, వంటిల్లు, బాత్‌రూమ్ లెక్కలోకి రావు. అంటే 2 త్సిమ్మర్ మన లెక్కలో వన్ బీహెచ్‌కే. 1 త్సిమ్మర్ అంటే పడుకునేది, కూర్చునేది, పనిచేసేది అన్నీ ఒకటే గది. కొలత చదరపు మీటర్లలో ఉంటుంది, దాన్ని 10.76తో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి. నాకు చివరికి దొరికిన 46 చదరపు మీటర్ల ఇల్లు మన లెక్కలో 495 అడుగులు.

అద్దె రెండు రకాలుగా రాస్తారు. కాల్ట్ మీటె అంటే చల్లటి అద్దె: ఇంటికి మాత్రమే. వార్మ్ మీటె అంటే వెచ్చటి అద్దె: అందులో నీళ్లు, చెత్త, మెట్లు తుడవడం, మామూలుగా హీటింగ్ ఖర్చు కూడా కలుస్తాయి. ఈ అదనపు ఖర్చుల్నే నేబెన్‌కోస్టెన్ అంటారు. నాకు కాల్ట్ 720 యూరోలు, వార్మ్ 910. ఇందులో కరెంటు, ఇంటర్నెట్ లేవు, అవి విడిగా మనమే తీసుకోవాలి. ఇంకో మెలిక ఏంటంటే, ఈ 190 యూరోలు అంచనా మాత్రమే. ఏడాదికోసారి అసలు లెక్క తీసి, మీరు ఎక్కువ కట్టి ఉంటే తిరిగిస్తారు, తక్కువైతే బిల్లు పంపుతారు. చలికాలమంతా హీటర్ ఫుల్లుగా పెట్టి టీషర్ట్‌లో తిరిగితే ఆ బిల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అడ్వాన్స్‌ని కౌత్సియోన్ అంటారు. చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్ మీటెకి మించి అడగకూడదు. ఇది చాలామందికి తెలియదు: ఆ డబ్బుని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాళ్లకి ఉంది. నాకు 2,160 యూరోలు. మొదటి జీతం ఇంకా పడని టైమ్‌లో 720 చొప్పున మూడుసార్లు కట్టొచ్చని తెలియడం ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు

ఇల్లు కావాలంటే ఫైల్ ఒకటి తయారుగా ఉండాలి. అందులో ఉద్యోగ ఒప్పందం, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, షూఫా రిపోర్ట్, పాత ఓనర్ ఇచ్చిన "బాకీ లేదు" ఉత్తరం ఉంటాయి. షూఫా అంటే మన సిబిల్ స్కోర్ లాంటిదే అనుకోండి. కొత్తగా దిగినవాడి దగ్గర వీటిలో ఒప్పందం తప్ప ఏదీ ఉండదు. జీతం ఇంకా రాలేదు, షూఫాకి మనమెవరో తెలియదు, జర్మనీలో పాత ఓనర్ లేడు.

ఇటు ఇల్లు లేకపోతే ఏం ఆగిపోతుందో చూడండి. ఇల్లు మారిన రెండు వారాల్లోపు బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర కార్యాలయంలో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దాని పేరు ఆన్‌మెల్డుంగ్. దానికి ఇంటి ఓనర్ సంతకంతో "ఈయన మా ఇంట్లో దిగాడు" అనే కాగితం కావాలి. ఆన్‌మెల్డుంగ్ అయ్యాకే 11 అంకెల పన్ను నంబర్ వస్తుంది, అదీ పోస్ట్‌లో. ఆ నంబర్ ఇవ్వకపోతే కంపెనీ జీతంలో పన్నుని ఆరో తరగతి కింద కోసేయొచ్చు. అన్నిటికంటే ఎక్కువ కోత పడే తరగతి అదే. నా మొదటి జీతం అలాగే వచ్చింది. తర్వాత సర్దుబాటు చేశారు, కానీ ఆ నెల స్లిప్పు చూసినప్పుడు మాత్రం గుండె జారింది.

పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అని మా నానమ్మ అనేది. ఇల్లుంటేనే కాగితాలు, కాగితాలుంటేనే ఇల్లు.

నేను ముందుగా రెండు నెలలకి ఫర్నిష్డ్ గది తీసుకుని దిగాను. అక్కడ ఆన్‌మెల్డుంగ్ చేసుకోనివ్వరని దిగాక తెలిసింది. డబ్బా మీద పేరు పెట్టనివ్వరని కార్డు వెనక్కి వెళ్లాక తెలిసింది. మీరు తాత్కాలికంగా ఏది బుక్ చేసినా డబ్బు కట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి: "ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ కుదురుతుందా? పోస్ట్ డబ్బా మీద నా పేరు ఉంటుందా?" వైఫై స్పీడ్ తర్వాత అడగొచ్చు.

పోవాల్సిన 1,800 యూరోలు

నాలుగో వారానికి 60కి పైగా ఇళ్లకి అప్లై చేశాను. ఆరు జవాబులొచ్చాయి, అన్నీ "సారీ" అనే. సరిగ్గా ఆ నిరాశలో ఉండగా ఒక ప్రకటన కనపడింది. ప్రెన్జ్‌లావర్ బెర్గ్ అంటే బెర్లిన్‌లో అందరూ ఉండాలనుకునే ఏరియా. రెండు గదులు, చెక్క ఫ్లోరింగ్, బాల్కనీ. వార్మ్ 780. మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

ఓనర్ ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాడట. ఇల్లు చూపించడానికి ఎవరూ లేరట. 1,800 యూరోలు డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయట, నచ్చకపోతే డబ్బు వాపసట. పాస్‌పోర్ట్ కాపీ కూడా పంపమన్నాడు.

ఇప్పుడు చదువుతుంటే మీకు నవ్వొస్తుంది. నాకు ఆ రాత్రి నవ్వు రాలేదు. గది ఖాళీ చేయడానికి ఇంకా నాలుగు వారాలే ఉంది. ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌లో అంకెలు కూడా కొట్టేశాను. ఎందుకో ఆగి, బాల్కనీ ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. అదే బాల్కనీ, అవే పూలకుండీలు, వేరే దేశంలోని ఒక హాలిడే అపార్ట్‌మెంట్ పేజీలో కనపడ్డాయి.

ఆ రోజు నుంచి మూడు రూల్స్ పెట్టుకున్నాను. లోపలికి వెళ్లి చూడకుండా, ఒప్పందం మీద సంతకం కాకుండా ఒక్క యూరో కూడా పంపను. ప్రతి ప్రకటన ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూస్తాను. పాస్‌పోర్ట్ కాపీ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే దాని మీద అడ్డంగా "ఫలానా వీధి ఇంటి అప్లికేషన్ కోసం మాత్రమే" అని తేదీ వేసి రాస్తాను. ఫోన్ గ్యాలరీలో ఉండే మార్కప్ టూల్ చాలు, ప్రత్యేకంగా యాప్ అక్కర్లేదు.

పీజీ ఆంటీ ఉత్తరం

ఆఫీసులో సీనియర్ అన్న ఒకరు (గుంటూరు, ఇక్కడికొచ్చి ఏడేళ్లు) నా ఫైల్ చూసి, "తమ్ముడూ, కాగితాలు లేకపోతే లేవు. ఉన్నవాటితోనే మనిషిని చూపించాలి. మాదాపూర్‌లో నీకు ఓనర్ లేరా?" అన్నారు.

ఓనర్ కాదు, పీజీ ఆంటీ ఉన్నారు. ఫోన్ చేస్తే ఆవిడ కంగారుపడ్డారు.

"ఏం బాబూ, ఇప్పుడు లెటర్ ఎందుకు? నువ్వేం బాకీ లేవుగా?"

"లేను ఆంటీ. అదే రాసివ్వండి చాలు."

గంటలో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పీజీ లెటర్‌హెడ్, కింద గుండ్రటి స్టాంపు. రెండేళ్లు ఉన్నాడు, ప్రతి నెలా 5వ తారీఖు లోపే కట్టాడు, బాకీ లేదు, గొడవ లేదు. చివర్లో నేనడగని వాక్యం ఇంకోటి: "మంచి పిల్లాడు." దాన్ని స్కాన్ చేసి, డీప్‌ఎల్‌లో జర్మన్‌లోకి మార్చి, అన్నకి చూపించి సరిచేసి, ఒప్పందంతో పాటు ఒకే పీడీఎఫ్‌గా చేశాను. పోర్టల్ అలర్ట్‌లని సైలెంట్‌లో పడకుండా పెట్టుకున్నాను. జర్మన్‌లో నాలుగు వాక్యాల పరిచయం కీబోర్డ్ షార్ట్‌కట్‌గా సేవ్ చేశాను. మంచి ఇల్లు పోర్టల్‌లో పడితే గంటలోపే అప్లికేషన్లు కుప్పపడతాయి, టైప్ చేస్తూ కూర్చుంటే అయిపోయినట్టే.

లిష్టెన్‌బెర్గ్ ఏరియాలో ఒక ఇంటికి పిలుపొచ్చింది. వెళ్తే మెట్ల మీద దాదాపు ముప్ఫై మంది వరస. ఇంటి ఓనరు ఒక పెద్దావిడ, ఒక్కొక్కరి ఫైల్ కళ్లజోడు పెట్టుకుని అక్కడికక్కడే చదువుతోంది. నా వంతు వచ్చాక పీజీ లెటర్ దగ్గర ఆగింది. స్టాంపు మీద వేలు పెట్టి ఇదేంటని అడిగింది. నా వచ్చీరాని జర్మన్‌లో, నేను ముందున్న ఇంటి ఆవిడ ఇచ్చారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు, ఏమీ అనలేదు. ఐదు రోజుల తర్వాత ఒప్పందం మెయిల్‌లో వచ్చింది. ఆ ఉత్తరం వల్లే వచ్చిందని నేను గ్యారంటీగా చెప్పలేను. కానీ మీరు పీజీ ఖాళీ చేసే రోజున అలాంటిది ఒకటి రాయించుకోండి. ఖర్చేం లేదు.

ఖాళీ అంటే నిజంగానే ఖాళీ

తాళాలు తీసుకున్న సాయంత్రం స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. పైకి చూస్తే సీలింగ్ నుంచి మూడు వైర్లు వేలాడుతున్నాయి. ఇక్కడ ఇల్లు ఖాళీ చేసేవాళ్లు బల్బులతో, హోల్డర్లతో సహా తీసుకెళ్లిపోతారు. చాలా ఇళ్లలో వంటింటి గట్టు, స్టవ్, సింకు కూడా ఉండవు. నా అదృష్టం, ముందున్నవాళ్లు వాళ్ల వంటింటి సామాను 400 యూరోలకి నాకు అమ్మేసి వెళ్లారు. మొదటి మూడు రాత్రులు ఫోన్ టార్చ్ కింద మ్యాగీ తిన్నాను. వైర్ల పని మీరే చేద్దామనుకుంటే ఫ్యూజ్ బాక్స్‌లో మెయిన్ ఆపేయండి, పాత బిల్డింగుల్లో వైర్ల రంగుల్ని నమ్మకండి, అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఇక్కడ ఫోన్ కెమెరాకి చాలా పని ఉంది. తాళాలు ఇచ్చేటప్పుడు ఓనర్, మీరు కలిసి ఇంటి పరిస్థితి రాసుకునే కాగితాన్ని యూబర్‌గాబె ప్రోటోకోల్ అంటారు. గోడ మీద గీత, నేల మీద మరక, కిటికీ హ్యాండిల్, అన్నీ అందులో రాయించండి. దాంతోపాటు గుమ్మం నుంచి మొదలుపెట్టి ప్రతి గదీ ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఖాళీ చేసేటప్పుడు కౌత్సియోన్‌లోంచి ఏం కోస్తారన్నది దీన్నిబట్టే తేలుతుంది. కరెంట్ మీటర్ నంబర్, రీడింగ్ స్పష్టంగా ఫోటో తీయండి. మీరు ఏ కంపెనీనీ ఎంచుకోకపోయినా కరెంట్ వస్తుంది, ఆ ఏరియాకి డిఫాల్ట్‌గా ఉండే కంపెనీ ఇస్తుంది. సాధారణంగా దాని రేటు ఎక్కువ. రెండు వారాల నోటీసుతో బయటికి రావచ్చు కాబట్టి మొదటి నెలలోనే పోల్చి చూసుకుని మారిపోండి.

ఇంకొక ఉత్తరం కూడా వస్తుంది, భయపడకండి. ఇంటికి నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము. "నా దగ్గర టీవీ లేదు" అంటే కుదరదు. ఇంటి లెక్కన ప్రతి ఇంటికీ పడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే ఒక్కరు కడితే చాలు.

ఇంటర్నెట్ కోసం ఐదు వారాలు

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ అడిగిన సాయంత్రానికే వచ్చేది. ఇక్కడ బుక్ చేస్తే టెక్నీషియన్ రెండు వారాల తర్వాత, ఉదయం 8 నుంచి 12 మధ్య వస్తాడన్నారు. లీవ్ పెట్టి కూర్చున్నాను. పన్నెండున్నరకి మెసేజ్ వచ్చింది: "మేం వచ్చాం, మీరు లేరు."

కిందికి పరిగెత్తాను. పోస్ట్ డబ్బా మీద నా పేరు కాగితం మీద రాసి టేపుతో అంటించాను కదా, మరి ఏంటి? అతను చూసేది డబ్బాని కాదు, గేటు దగ్గర కాలింగ్ బెల్ బోర్డుని. అక్కడ ఇంకా పాతవాళ్ల పేరే ఉంది. ఆ బోర్డు గాజు పలక వెనకాల లాక్ అయి ఉంటుంది, పేరు మార్చాల్సింది బిల్డింగ్ మేనేజ్‌మెంట్. వాళ్లకి ఇల్లు మారిన రోజే మెయిల్ పెట్టాలని నాకెవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను. నాకు తర్వాతి అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. అప్పటిదాకా ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆఫీస్ మీటింగులు.

ఇక్కడే నా రెండో అతితెలివి బయటపడింది. హైదరాబాద్ నుంచి మంచి వైఫై రూటర్ మోసుకొచ్చాను. కనెక్షన్ వచ్చాక చూస్తే అది టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్. మన రూటర్‌లో డీఎస్ఎల్ మోడెమ్ లేదు, ఉన్నది ఈథర్నెట్ పోర్ట్ మాత్రమే. కొనేటప్పుడు మీ లైన్ డీఎస్ఎల్లా, కేబులా, ఫైబరా చూసుకుని దానికి సరిపోయేది తీసుకోవాలి. 2016 ఆగస్టు నుంచి జర్మనీలో కంపెనీ ఇచ్చే రూటరే వాడాలన్న బలవంతం లేదు, మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. నెలనెలా రూటర్ అద్దె కట్టేకంటే సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫ్రిట్జ్‌బాక్స్ కొనుక్కోవడం నాకు లాభంగా అనిపించింది. ఒప్పందాలు ఎక్కువగా 24 నెలలవి, ఆ గడువు దాటాక మాత్రం ఒక నెల నోటీసుతో మానేయొచ్చు.

నా బిల్డింగ్ ప్లాటెన్‌బౌ. తూర్పు జర్మనీ కాలంలో ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీట్ పలకలు తెచ్చి నిలబెట్టి కట్టినది. లోపల ఇనుప కడ్డీలుంటాయి. హాల్‌లో ఉన్న రూటర్ నుంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై పడగ్గదికి వచ్చేసరికి నీరసించిపోయేది. మెష్ కిట్ కొనబోయి ఆగి, 15 మీటర్ల సన్నటి లాన్ కేబుల్ గోడ వెంబడి లాగాను. తక్కువ ఖర్చు, మీటింగులో మాట తెగిపోవడం ఆగిపోయింది.

గాలి, చప్పుడు, తాళం

అన్నం వండుతాం, బట్టలు లోపలే ఆరేస్తాం, చలి అని కిటికీ తీయం. దాంతో గోడ మూలల్లో నల్లటి బూజు పడుతుంది, అది మన తప్పని తేలితే ఖర్చు మనదే. రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. దీనికి ష్టోస్‌ల్యుఫ్టెన్ అని పేరు కూడా ఉంది. నేను ఇక్కడికొచ్చాక కొన్న గ్యాడ్జెట్లలో అన్నిటికంటే పనికొచ్చింది పది యూరోల తేమ మీటర్. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే బాగున్నట్టు, దాటితే కిటికీ తీయాలి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం పొద్దున్నే పల్లీ చట్నీ కోసం మిక్సీ వేశాను. మధ్యాహ్నానికి తలుపు మీద మర్యాదగా రాసిన చీటీ ఉంది. డ్రిల్లింగ్ అయితే చీటీతో ఆగదు. ఇప్పుడు చట్నీ శనివారం సాయంత్రమే చేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

ఇక తాళం. ఇక్కడి ఫ్లాట్ తలుపులకి బయట తిప్పే హ్యాండిల్ ఉండదు, మూసుకుంటే చాలు బయటి నుంచి తెరుచుకోదు. ఒక రాత్రి చెత్త పారేయడానికి చెప్పులేసుకుని వెళ్లాను, వెనక తలుపు పడిపోయింది. ఫోన్ లోపల, నేను బయట. స్పేర్ తాళం గుంటూరు అన్న దగ్గర ఉంది, కానీ ఆయన నంబర్ నాకు నోటికి రాదు. నాకు గుర్తున్న నంబర్ ఒక్కటే, అమ్మది. పక్కింటి ఆవిడ ఫోన్ అడిగి కాకినాడకి కాల్ చేశాను. అక్కడ తెల్లవారుజామున మూడు.

"చెత్త పారేయడానికి వెళ్తూ తాళం తీసుకెళ్లవేంట్రా?" అని అమ్మ ముందు తిట్టింది. తర్వాత అన్నకి ఫోన్ చేసింది. ఆయన నంబర్ నేను బయల్దేరిన రోజే నా దగ్గర తీసుకుని కాగితం మీద రాసుకుందట. లాక్ తీసేవాళ్లని రాత్రిపూట పిలిస్తే వందల యూరోలు అవుతాయి. నాకు ముప్పావు గంట ఎదురుచూపుతో అయిపోయింది. స్మార్ట్ లాక్ పెడదామనుకుంటున్నారా? యూరప్‌లో నూకీ లాంటివి తలుపుకి లోపలివైపు ఉన్న లాక్ మీదే బిగించుకోవచ్చు. కానీ ఫోన్ లోపల ఉండిపోతే కోడ్ కొట్టే కీప్యాడ్ కూడా ఉంటేనే లాభం. లోపల తాళం ఉన్నా బయటి నుంచి తెరుచుకునే రకం సిలిండరో కాదో చూసుకోండి, ఓనర్‌ని అడక్కుండా సిలిండర్ మార్చకండి. అన్నిటికంటే ముందు, ఒక్క నంబరైనా బట్టీ పట్టండి.

సూట్‌కేస్‌లో ఏం పెట్టుకోవాలి

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు: తెచ్చుకోండి. ఇండియాలోలాగే ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సన్నటి రెండు పిన్నుల ఛార్జర్లు నేరుగా పడతాయి.

మిక్సీ: తెచ్చుకోవచ్చు, పనిచేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్ మాత్రం పట్టదు. ఎర్త్ ఉన్న అడాప్టరే వాడండి, చవక రకంలో ఎర్త్ కనెక్షన్ ఉండదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు: ఇండియాది ఒకటి చాలు, దానికి ఒక మంచి అడాప్టర్ తగిలిస్తే చిన్న సామానంతటికీ సరిపోతుంది. హీటర్, ఇస్త్రీ పెట్టె లాంటివి దాని మీద పెట్టకండి.

వైఫై రూటర్: వద్దు. కారణం పైన చెప్పాను.

కాగితాలు: సర్టిఫికెట్లు, పీజీ లెటర్, ఫోటోలు. స్కాన్ కాపీలు ఫోన్‌లో, ఒక సెట్ ప్రింట్ బ్యాగులో.

చివరిగా

ఇల్లు మారిన తొమ్మిదో రోజు ఆన్‌మెల్డుంగ్ అయింది. బెర్లిన్‌లో ఏ ఏరియాలో ఉన్నా నగరంలోని ఏ బ్యుర్గర్‌ఆమ్ట్‌కైనా వెళ్లొచ్చు, అందుకే పక్క ఏరియాలో స్లాట్ దొరికితే వదలకండి. ఆ తర్వాత రెండు వారాలకి బెల్ బోర్డు మీదా, డబ్బా మీదా కొత్త పేరు పలకలు పెట్టారు.

ఇక్కడ ఎవరూ నన్ను పేరుతో పిలవరు, "హెర్" అని ఇంటిపేరు కలిపి పిలుస్తారు. మొదట్లో నాన్నని పిలుస్తున్నారేమో అనిపించేది. మన దగ్గర ఇంటిపేరంటే స్కూలు అటెండెన్స్‌లో ఒక అక్షరం, అంతే. ఆ ఇంటిపేరు నిజంగా ఒక ఇంటి మీద రాసి ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అమ్మ గుండె ఎమోజీ పెట్టింది. నాన్న కాసేపటికి రాశారు: "బాగుంది. స్పెల్లింగ్‌లో హెచ్ ఒకటి తగ్గింది, సరి చేయించు."

నిజమే, తగ్గింది. ఇలాంటి చిన్న తేడాకే ఉత్తరాలు వెనక్కి వెళ్తాయని ఈపాటికి నాకు తెలుసు కాబట్టి వెంటనే మేనేజ్‌మెంట్‌కి మెయిల్ పెట్టి, పలక వచ్చేదాకా పూర్తి స్పెల్లింగ్ ప్రింట్ తీసి కింద అంటించాను. మర్నాడు డబ్బాలో ఒక కవర్ ఉంది. లోపల 11 అంకెల పన్ను నంబర్.